రెండో చీటీ

హార్బరులో ఆవిడని చిన్నా పెద్దా అందరూ కొలతలక్క అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది, దాంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. జెట్టీ చివర ఇనుప మెట్లు దిగి, అంకెలు వేసిన స్తంభం మీద నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, గేటు పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడం ఆవిడ ఉద్యోగం. రోజుకి మూడుసార్లు, ఇరవై ఆరేళ్ళుగా. పడవలవాళ్ళు ఆ బల్ల చూసిగానీ తాళ్ళు విప్పరు. "సముద్రం కూడా మా ఆవిడకి మూడు పూటలా సంజాయిషీ చెప్పుకోవాల్సిందే, ఇక నేనెంత?" అని అక్కడే క్రేన్ నడిపే భర్త నవ్వుతుంటాడు.

ఇంతటి మనిషీ పుట్టు పిరికిది. తలుపుకి గొళ్ళెం పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తుంది. పై అధికారి రమ్మన్నాడంటే, ఎందుకో తెలియకముందే తప్పు తనదే అయ్యుంటుందని తేల్చేసుకుంటుంది. నీళ్ళ అంకె తప్పు రాస్తే ఏదో ఒక పడవ అడుగు నేలకి కొట్టుకుంటుంది కాబట్టి ఆ ఉద్యోగానికి పిరికితనం బాగానే పనికొచ్చింది. ఆవిడ తప్పు రాసింది ఒక్కచోటే. అది నీళ్ళ సంగతి కాదు, పిట్టల సంగతి.

పన్నెండేళ్ళ కిందట పక్షుల ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ నల్లబల్ల దగ్గరికొచ్చి, ఫలానా రోజు మధ్యాహ్నం పోటు ఎన్నింటికి నిండుతుందని అడిగింది. ఎందుకని కొలతలక్క అడిగితే చెప్పుకొచ్చింది. హార్బరు ఉత్తరపు వైపు బురదలో, చలికాలమంతా పొడుగు ముక్కు పిట్టలు తిరుగుతుంటాయి. ఎక్కడో మంచుదేశంలో గుడ్లు పెట్టి, ఐదు దేశాలు దాటి వస్తాయి. నీళ్ళు తగ్గినప్పుడు బురదంతా చెదిరి మేస్తాయి, అప్పుడు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. పోటు నిండి బురద మునిగిపోతే మాత్రం, అన్నీ వచ్చి ఒకే ఇసుకదిబ్బ మీద ఇరుక్కుని నిలబడతాయి. లెక్క తీయాల్సింది ఆ గంటలోనే. ఐదు దేశాలవాళ్ళూ ఒప్పందం చేసుకుని, ఏటా ఒకే రోజున, ఎవరి దిబ్బ దగ్గర వాళ్ళు కూర్చుని లెక్క తీస్తారు.

"పోటు సంగతి మీకు తెలిసినంత మాకెవరికీ తెలీదు. మీరే లెక్కపెట్టకూడదూ?" అంది ఆఫీసరమ్మ.

దిబ్బ ఎదుటి దాకా ఒంటరిగా అంత దూరం సముద్రపు గట్టు మీద నడవాలంటే కొలతలక్కకి భయం. అందుకని తోడికోడలిని వెంటబెట్టుకుంది. తోడికోడలు బట్టలు కుడుతుంది. హార్బరు వాళ్ళ యూనిఫారాలన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. మనిషి నోరు గలది, దేనికీ జంకదు. పిట్టలు బురదలో ముక్కు దించి ఎత్తి, దించి ఎత్తి పరుగులు పెడుతుంటే మొదటి రోజే చూసి, "అక్కా, ఇవి అచ్చం నా మిషను సూదిలా ఉన్నాయే" అంది. ఆఫీసు కాగితాల్లో వాటికి ఏదో నోరు తిరగని పేరుంది. ఈ ఇద్దరికీ అవి ఆ రోజు నుంచీ మిషను పిట్టలే.

లెక్కకి ఒక పద్ధతుంది. ఇద్దరూ ఇరవై అడుగుల ఎడంగా కూర్చోవాలి. మాట్లాడుకోకూడదు. ముందు పది పిట్టల్ని చూసి ఆ పది ఎంత జాగా పట్టాయో కంట్లో పెట్టుకోవాలి, దాన్ని బట్టి వంద, ఆ వందని గుంపు పొడుగునా జరుపుకుంటూ పోవాలి. అయ్యాక ఎవరి అంకె వాళ్ళు చీటీ మీద రాసి, సంతకం పెట్టి, మడిచి రేకు డబ్బాలో వెయ్యాలి. రెండు చీటీలూ దగ్గరగా ఉంటేనే ఆ ఏటి లెక్క చెల్లుతుంది. తేడా ఎక్కువైతే మళ్ళీ లెక్క. ఒక్క చీటీయే ఉంటే పట్టికలో ఆ ఏటి గడి ఖాళీ. పదేళ్ళు అలా జరిగింది. ఒకరు మూడువేల నూరంటే, ఇంకొకరు రెండువేల తొమ్మిదివందల యాభై అనేవారు. ఇంటికొచ్చేటప్పుడు గట్టు పొడుగునా ఎవరి కన్ను దొంగకన్నని వాదులాడుకునేవారు.

పదకొండో ఏట తోడికోడలి మోకాలు మొరాయించింది. డాక్టరు గట్టు ఎక్కొద్దన్నాడు. కొలతలక్క ఒక్కతే వెళ్ళింది, లెక్కపెట్టింది, రెండువేల ఎనిమిదివందలు రాసింది. తర్వాత రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. రెండో చీటీ లేకపోతే గడి ఖాళీ. ఒక్క చీటీయే ఉందేమని ఆఫీసరమ్మ వస్తుంది, ముందే ఎందుకు చెప్పలేదంటుంది. ముందు చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది, అంతకన్నా ఏమీ లేదు. ఆ మొహమాటంలోనే రెండో చీటీ కూడా, రెండువేల ఏడువందల యాభై అని, తనే రాసేసింది. తోడికోడలు ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెడుతుంది, అది కూడా మరిచిపోకుండా పెట్టి, ఆమె సంతకం చేసింది. అంకె నిజమే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

నిరుడు పన్నెండో లెక్క. ఆ మధ్యాహ్నం పోటు నిండుగా ఎక్కింది. దిబ్బ మీద చూస్తే నాలుగువందల పిట్టలు కూడా లేవు. కొలతలక్క దుర్భిణి తుడిచింది, మళ్ళీ చూసింది. డేగ ఏదైనా వచ్చి చెదరగొట్టిందేమోనని ఆకాశం వెతికింది. గంటసేపు కూర్చున్నా ఇంకొక్క గుంపు రాలేదు. నాలుగువందలని రాస్తే మళ్ళీ లెక్క తీయమంటారు, ఈసారి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి తీయమంటారు. అప్పుడు అంతకు ముందేటి చీటీ కూడా బయటపడుతుంది. ఎవరినీ రప్పించని అంకె ఏదని ఆలోచించి, ఒకదాని మీద రెండువేల తొమ్మిదివందలు, రెండోదాని మీద రెండువేల ఎనిమిదివందల డెబ్భై రాసింది. డెబ్భైలో ఏడుకి అడ్డగీత పెట్టింది.

ఆ తర్వాత పది నెలలు ఏ ఉత్తరమూ రాలేదు. వచ్చిన రోజు కొలతలక్క దాన్ని నిలబడే చదివింది.

దేశమంతటికీ వలసపక్షుల ప్రణాళిక తయారవుతోందట. పక్షుల ఆఫీసూ, హార్బరూ, మత్స్యకారుల సంఘమూ కలిసి పనిచేస్తున్నాయట. ఈసారి లెక్క రోజున అందరూ ఇక్కడికే వస్తారట, మంచుదేశం నుంచి కూడా ఒక లెక్కగాడు వస్తాడట. ఇద్దరు లెక్కదారులూ తప్పక హాజరు కావాలి. చిత్తుప్రతిలోంచి ఒక పేజీ జతపరిచారు. అందులో చోట్లని మూడు జాబితాలు చేశారు: వెంటనే కాపాడాల్సినవి, కనిపెట్టి చూడాల్సినవి, నిలకడగా ఉన్నవి. ఈ దిబ్బ మూడో జాబితాలో ఉంది. కింద ఇలా ఉంది: హార్బరు విస్తరణ పని మొదలై రెండేళ్ళయినా పక్షుల సంఖ్య తగ్గలేదు, కాబట్టి ఉత్తరపు బురదని పూడ్చి సరుకుల యార్డు కట్టడానికి అభ్యంతరం లేదు.

ఆ వాక్యాన్ని ఆవిడ మళ్ళీ చదివింది. దొరికిపోతానన్న భయం పాతదే, దానికి అలవాటు పడింది. ఇది కొత్త భయం. తన కాగితం ముక్క ఆసరాగా ఒక బురద మైదానాన్ని మట్టేసి పూడ్చబోతున్నారు.

"నీ అంకె దేశం పుస్తకంలోకి ఎక్కిందే! ఏమే, మొహం అలా పాలిపోయిందేం?" అన్నాడు భర్త, కాగితం లాక్కుని చూస్తూ.

"ఎండలోంచి వచ్చానండీ" అంది. బయట మబ్బు పట్టి ఉంది.

మర్నాడు తోడికోడలి గదికి వెళ్ళింది. గది నిండా కత్తిరించిన నీలం గుడ్డలు, మిషను మీద సగం కుట్టిన చొక్కా. కొలతలక్క స్టూలు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఏంటక్కా, ముళ్ళున్నాయా దాని మీద?"

"చెల్లీ, ఒక పని చేశాను. నువ్వు తిట్టకూడదు."

"తిట్టాలో వద్దో విన్నాక చూద్దాం."

కొలతలక్క మొదటి సంగతి చెప్పింది. తోడికోడలు కాలు మిషను తొక్కుడు మీదే ఆగిపోయింది.

"నా సంతకం పెట్టావా?"

"పెట్టాను. రెండేళ్ళూ."

"నేను లేని చోట నన్ను కూర్చోబెట్టావన్నమాట! రెండేళ్ళ నుంచీ ఆఫీసోళ్ళు నాకు కృతజ్ఞతలంటూ కాగితం పంపిస్తుంటే, పాత మర్యాద కొద్దీ అనుకుంటున్నాను. ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? నీ మరిది నన్ను భుజాన వేసుకునైనా గట్టెక్కించేవాడు కదా!"

"భయమేసిందే."

"నీకు ఎప్పుడు వెయ్యలేదు గనక!" చొక్కా విసిరికొట్టింది తోడికోడలు. కాసేపటికి తనే వంగి తీసుకుంది. "ఇప్పుడేం చేద్దామంటావు?"

"నువ్వు రావాలి. వచ్చి ఎప్పటిలాగే కూర్చోవాలి. పిట్టలు ఎప్పటిలాగే వచ్చాయంటే ఇంకెవరూ ఏమీ అడగరు."

"రాకపోవడమేంటి? పదేళ్ళూ వచ్చాయిగా. నిరుడు కూడా మూడువేల దాకా ఉన్నాయన్నావు."

కొలతలక్క తలూపింది. సగం చెప్పి సగం మింగింది.

లెక్క రోజున మరిది తోడికోడలిని సంఘం వాళ్ళ చేపల బండిలో కూర్చోబెట్టి గట్టు మీదుగా తోసుకొచ్చాడు. ఆమె రాణిలా దుప్పటి కప్పుకుని, దారి పొడుగునా గోతులు చూసి తొయ్యమని మొగుణ్ణి కేకలేసింది. అందరూ నవ్వారు, కొలతలక్క తప్ప. మత్స్యకారుల సంఘం షెడ్డులో టీ ఇచ్చారు. హార్బరు తరఫున ఒక ఇంజినీరు వచ్చాడు. ఆఫీసరమ్మ ఇప్పుడు పెద్ద ఆఫీసరైంది, జుట్టు నెరిసింది, అయినా కొలతలక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మీ ఇద్దరి చీటీలూ పోయిన రెండేళ్ళుగా ఎంత దగ్గరగా వచ్చాయో తెలుసా? మిగతా చోట్లవాళ్ళకి మిమ్మల్నే చూపిస్తున్నాను" అంది.

తోడికోడలు దగ్గు అడ్డం పెట్టుకుంది.

మంచుదేశపు లెక్కగాడు పొడుగాటి ముసలాయన. టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కొలతలక్క ఎదురుగా కూర్చుని తన భాషలో మెల్లగా ఏదో చెప్పాడు. ఆఫీసరమ్మ తెలుగులో చెప్పింది.

"వాళ్ళ దగ్గర గూళ్ళు బాగా తగ్గిపోయాయంటున్నారు. మధ్య దేశాల్లో కూడా లెక్క పడిపోయింది. మీ చోటొక్కటే నిలబడింది. మొదట కంగారు పడ్డారట, తర్వాత మీ అంకె చూసి, పిట్టలు పోలేదు, దారి మార్చుకుని అన్నీ మీ దగ్గరికే చేరుతున్నాయని అనుకున్నారట. అందుకే అక్కడ వేటని ఆపే ఉత్తర్వు రెండేళ్ళు వాయిదా వేశారు. మీ దగ్గర ఉన్నాయన్న ధైర్యమట. వాటిని ఒక్కసారి కళ్ళారా చూసుకుని పోదామని ఇంత దూరం వచ్చారు."

ముసలాయన తలాడిస్తూ నవ్వాడు. కొలతలక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఒక అబద్ధం తన ఊళ్ళోనే ఉంటుందని అనుకుంది ఆవిడ. అది ఐదు దేశాలు తిరిగి అందరికీ ధైర్యం చెప్పి వచ్చింది.

పోటు ఎక్కసాగింది. ముసలాయనతో కలిపి ముగ్గురూ ఎడం ఎడంగా కూర్చున్నారు. కొలతలక్క దుర్భిణి కళ్ళకి పెట్టుకుంది గానీ, లెక్క పెట్టలేదు, వేడుకుంది. రండే తల్లీ, మూడువేలొద్దు, రెండువేలు చాలు, ఎక్కడున్నా రండి. బురద అంచులు మునిగాయి. ఒక చిన్న గుంపు వచ్చి దిబ్బ మీద వాలింది. ఇంకొకటి. ఇంకాసేపటికి ఇంకొకటి, బాగా చిన్నది. నీళ్ళు దిబ్బ మొదట్లోకి వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆవిడ పదులు కూడా కట్టకుండా, ఒక్కొక్క పిట్టనీ లెక్కపెట్టింది. తక్కువగా ఉన్నప్పుడు అలా కూడా పెట్టొచ్చు. మూడువందల అరవై నాలుగు.

పక్కకి చూస్తే తోడికోడలు దుర్భిణి దించి తనవైపే చూస్తోంది. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. కళ్ళతో మాత్రం, నిరుడు ఏం చూశావే అక్కా, అని అడిగేసింది.

షెడ్డులో ఆఫీసరమ్మ డబ్బా తెరిచి చీటీలు చదివింది. మూడువందల అరవై నాలుగు. మూడువందల యాభై ఏడు. ముసలాయనది మూడువందల అరవై ఒకటి. బయట మరిది చేపల బండి కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏదో పొరపాటు జరిగింది" అన్నాడు ఇంజినీరు ముందుగా తేరుకుని. "నిరుడు మూడువేలు కదా. ఇవాళ గాలి ఉంది. పోటు సరిగా ఎక్కి ఉండదు, పిట్టలు ఇంకా బురదలోనే చెదిరి ఉంటాయి. ఇవాళ్టి లెక్క వదిలేసి నిరుటిదే ఉంచితే సరి."

ఆఫీసరమ్మ మొహంలోకి కాస్త రంగొచ్చింది. "అలా అవ్వచ్చు. అది చెప్పాల్సింది మాత్రం మీరే" అని కొలతలక్క వైపు తిరిగింది. "పోటు తక్కువగా ఉందా ఇవాళ?"

షెడ్డంతా ఆవిడ వైపే చూసింది. అవునంటే చాలు. ఈ ఊళ్ళో నీళ్ళ గురించి ఆవిడ మాటకి తిరుగులేదు, స్తంభం దగ్గరికెళ్ళి సరిచూసేవాడు లేడు. ఇంటికెళ్ళి పడుకోవచ్చు. తోడికోడలు కూడా నోరు విప్పదు. చొక్కా విసిరికొట్టి మళ్ళీ తీసుకున్న మనిషి అది.

నోరు తెరిచింది కానీ అవునన్న మాట రాలేదు. పిట్టల విషయంలో రెండుసార్లు కలం నడిపిన చెయ్యే, నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మొండికేసింది.

"పోటు నిండుగా ఉంది" అంది. "నాలుగు మీటర్ల ఇరవై. ఇంతకన్నా మంచి పోటు ఈ నెలలో లేదు. నిరుడూ ఇంతే ఉంది."

"మరి నిరుడు మూడువేలు..."

"నిరుడు నాలుగువందలు కూడా లేవమ్మా. మూడువేలని నేను రాశాను. రెండు చీటీలూ నేనే రాశాను. అంతకు ముందేడు కూడా రెండో చీటీ నాదే, కాకపోతే ఆ అంకె నిజం. మా చెల్లికి ఏమీ తెలీదు. దాని కాలు బాగాలేక రాలేదు, ఆ మాట మీకు చెప్పలేక ఇక్కడిదాకా తెచ్చాను."

ఆఫీసరమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. పన్నెండేళ్ళ స్నేహం ఆమె మొహంలోంచి కొద్దికొద్దిగా తప్పుకోవడం కొలతలక్క కూర్చుని చూసింది. ఉద్యోగం పోతుందేమో, జెట్టీ మీద తలెత్తుకోలేనేమో, ఇన్నాళ్ళూ ఎన్నో అనుకుంది గానీ, ఈ మొహం ఇలా అవుతుందని మాత్రం అనుకోలేదు. తోడికోడలు కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. తిట్టలేదు, పట్టుకోలేదు, ఊరికే కూర్చుంది.

ఆఫీసరమ్మ సంచిలోంచి చిత్తుప్రతి తీసింది. ఈ చోటు ఉన్న పేజీ తిప్పి, ఎర్ర పెన్సిలుతో పాటు ఆవిడ ముందుకి తోసింది.

"మీరే కొట్టెయ్యండి. కొట్టేసి సంతకం పెట్టండి. ఈసారి మీదే."

కొలతలక్క నిలకడగా ఉన్నవి అనే మాట మీద గీత గీసింది. రెండువేల తొమ్మిదివందల మీద గీసింది. యార్డుకి అభ్యంతరం లేదన్న వాక్యం మీద కూడా గీసి, కింద తన సంతకం పెట్టింది. ఇంజినీరు లేచి, దీని గురించి పైవాళ్ళతో మాట్లాడాలని చెప్పి ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు.

ముసలాయనకి ఇదేమీ అర్థం కాలేదు. ఆఫీసరమ్మ ఆయన పక్కకి జరిగి, ఆయన భాషలో చెప్పడం మొదలుపెట్టింది. ఆయన అరవలేదు, కొలతలక్క వైపు కోపంగానూ చూడలేదు. విన్నాక చీటీలు మూడూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత ఒక్క మాట అడిగాడు. దాన్ని ఆఫీసరమ్మ తెలుగులో చెప్పింది.

"మీ దగ్గరా లేకపోతే అవన్నీ ఎక్కడున్నాయని అడుగుతున్నారు."

తనని ఏమేం అడుగుతారో, దేనికేం చెప్పాలో, కొలతలక్క రెండు నెలలుగా పూటకోసారి అప్పజెప్పుకుంది. ఇది మాత్రం అందులో లేదు. ఉండాల్సింది. దిబ్బ ఖాళీగా ఉండటం మొదట చూసింది తనే. ఏడాది పాటు ఆ సంగతి లోకంలో తనకొక్కదానికే తెలుసు. ఆ ఏడాదంతా మిగతావాళ్ళు నిశ్చింతగా ఉన్నారు, అక్కడ వేటగాళ్ళు వేటాడుతూనే ఉన్నారు, పిట్టలు పోతూనే ఉన్నాయి.

"తెలీదని చెప్పండమ్మా" అంది. "నిరుడే నేను ఈ మాట అడిగుంటే బాగుండేదని కూడా చెప్పండి."